నేలకూ పదును కావాలి, పనిముట్టుకూ పదును కావాలి

(సంఘం మండల శిక్షణ తరగతుల్లో రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి, కౌలు గుర్తింపు కార్డుల గురించి పెద్దలు చెప్పారు. అవి పెద్ద విషయాలు. నాకిచ్చింది చిన్న విషయం. ఇంటి దగ్గర ఒక చిన్న కొట్టంలో మన పనిముట్లు మనమే ఎలా చేసుకోవాలి, ఎలా బాగు చేసుకోవాలి అనేది. నేను పదో తరగతి వరకే చదివాను. ఇంజనీరును కాను. ఏడెకరాల మెట్ట, దాంట్లో వేరుశనగ, కంది. చేసి చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నదే చెబుతాను.

నాలుగేళ్ల కిందట ఆరుద్ర కార్తెలో మంచి పదును వాన పడింది. మన అనంతపురం ఎర్రనేలల సంగతి మీకు తెలుసు. పదును రెండు రోజులుంటే ఎక్కువ, మూడో రోజుకు పైమట్టి ఆరిపోతుంది. ఊరంతా ఒకేసారి విత్తనానికి దిగింది. నేనూ ట్రాక్టర్ గొర్రు అద్దెకు తెచ్చాను. రెండెకరాలు అయ్యేసరికి గొర్రు కాలు రాయికి తగిలి, దాన్ని పట్టి ఉంచే క్లాంపు విరిగింది. అమ్మిన దుకాణానికి ఫోన్ చేస్తే సామాను పైనుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నారు. వేరే గొర్రు దొరకలేదు. పదును పోయింది. మళ్లీ విత్తనానికి పనికొచ్చే వాన 23 రోజులకు పడింది. ఆలస్యంగా వేసిన ఆ ఐదెకరాలు కాయ ఊరే సమయానికి బెట్టకు చిక్కింది. ముందు వేసిన రెండెకరాలతో పోలిస్తే ఎకరాకు నాలుగు బస్తాలు తగ్గింది. ఐదెకరాల మీద 20 బస్తాలు.

తర్వాత ఆ విరిగిన ముక్కను చేతిలో పట్టుకుని చూశాను. రెండంగుళాల వెడల్పు పట్టీ, వంచిన మూల ఒకటి, రెండు బెజ్జాలు. అంతే. పక్కూరి వెల్డింగ్ పిల్లవాడు అరగంటలో అలాంటిది చేసి ఇచ్చాడు. అప్పటికి చేసినా లాభం లేదు. మా ఊళ్లో ట్రాక్టర్లు తొమ్మిది ఉన్నాయి. ఇనుప ముక్కను బిగించి పట్టుకునే వైస్ ఒక్కటి లేదు. 20 బస్తాలు నేను పోగొట్టుకున్నది వాన వల్ల కాదు, ఆ వైస్ లేకపోవడం వల్ల. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికి ఆ ఏడాదంతా పట్టింది.

కొలిమి ఎందుకు ఆరింది?

మా చిన్నప్పుడు ఊరి మధ్యలో కొలిమి ఉండేది. బడి వదిలితే తిత్తి ఊదడానికి పిల్లలం పోటీ పడేవాళ్లం. కర్రు అరిగితే కమ్మరి తాత కాల్చి, సాగగొట్టి ఇచ్చేవాడు. గుంటక పలుగు వంగినా, బండి చక్రం పట్టా వదులైనా ఆయన దగ్గరికే. తొలకరికి ముందు పది రోజులు ఆ కొలిమి రాత్రిళ్లు కూడా ఆరేది కాదు. కళ్లంలో ఆయనకు మేర కొలిచేవాళ్లు.

ఆ కొలిమిని ఆర్పింది కంపెనీలు మాత్రమే అనుకుంటే మనం మనల్ని మోసం చేసుకున్నట్టే. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక మేర ఎగ్గొట్టింది మనమే. పని ఉన్నప్పుడు తాత అన్నాం, కొలతలప్పుడు వచ్చే ఏడు చూద్దాం అన్నాం. ఆయన కొడుకులిద్దరూ బెంగళూరులో గ్రిల్లు షాపుల్లో కూలికి పోయారు. ఇనుము రంగు చూసి వేడి ఎంతో చెప్పగలిగిన విద్య వాళ్లతోపాటే ఊరు దాటింది. కాబట్టి ఈ రోజు నేను చెప్పేది ఒకరి కులవృత్తిని లాక్కోవడం గురించి కాదు. ఊళ్లో ఇంకా ఒక కమ్మరి, ఒక వడ్రంగి మిగిలి ఉంటే ముందు వాళ్ల దగ్గరికి పోండి. నేర్పినందుకు డబ్బులివ్వండి.

ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

అన్నీ ఇంట్లోనే చేసుకోవాలనే పంతం వద్దు. నాలుగు వస్తువులు కొనాల్సిందే: గట్టి వైస్, చేతి డ్రిల్లు, నాలుగంగుళాల గ్రైండర్, చిన్న వెల్డింగ్ మిషను. వీటిని ఒక్క రైతు కొనక్కర్లేదు. మేం పదకొండు మందిమి కలిసి కొన్నాం. అవి మా కొట్టంలో ఉంటాయి. ఒక నోటు పుస్తకం ఉంది. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో రాస్తాం. డిస్కు విరిస్తే విరిచినవాళ్లు కొని పెట్టాలి. ఆ పుస్తకం లేకపోయి ఉంటే ఈ పాటికి మా స్నేహాలు విరిగి ఉండేవి.

మిగతావి చేసుకోవచ్చు. దాగలికి పాత ట్రాక్టర్ల తుక్కులో బరువైన ఉక్కు దిమ్మ దొరుకుతుంది. దాన్ని తుమ్మ మొద్దు మీద బిగిస్తే చాలు. కొందరు రైలు పట్టా ముక్క తెస్తామంటారు. వద్దు. రైల్వే ఆస్తి దగ్గర ఉంటే 1966 నాటి చట్టం కింద కేసు పెడతారు. దాగలి కోసం జైలుకు పోనక్కర్లేదు.

కొలిమికి పాత లారీ బ్రేక్ డ్రమ్ము బాగుంటుంది. అడుగు బెజ్జానికి చిల్లుల రేకు, దాని కింద రెండంగుళాల ఇనుప గొట్టం, గొట్టానికి చిన్న బ్లోయరు. గాలి తగ్గించడానికి గొట్టంలో ఒక రేకు అడ్డం. బొగ్గు మన తుమ్మ బొగ్గే. రెండు జాగ్రత్తలు. పాత బ్రేకు దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదకండి, నీళ్లతో కడగండి. నీళ్ల పైపులకు వాడే జింకు పూత గొట్టాన్ని కొలిమిలో పెట్టకండి, పూత గీకకుండా వెల్డింగ్ చేయకండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. నాకొచ్చింది. మలేరియా అనుకుని రక్త పరీక్ష కూడా చేయించుకున్నాను.

ఇనుమును గుర్తుపట్టడం

మన పిల్లలు చేసిన గుంటక పలుగు నెలకే అరిగిపోయిందంటే చేసిన తీరు తప్పు కాకపోవచ్చు, ఇనుము తప్పు అయి ఉండొచ్చు. కిటికీ గ్రిల్లుకు వాడే మెత్తని ఇనుముకు ఎంత కాల్చి ముంచినా పదును నిలవదు. పదునుకు ఉక్కు కావాలి. తేడా గ్రైండర్ చెబుతుంది. ముక్కను డిస్కుకు తాకించి నిప్పురవ్వలు చూడండి. రవ్వలు పొడుగ్గా, గీతల్లాగా, చీలకుండా పోతే మెత్తని ఇనుము. చిచ్చుబుడ్డిలాగా కొసలు చీలి పువ్వులు పూస్తే ఉక్కు. లారీ, ట్రాలీల పాత కమాను పట్టీలు మంచి ఉక్కు. తుక్కు దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతాయి.

కమాను పట్టీకి అలాగే బెజ్జం వేయబోతే డ్రిల్లు బిట్లు విరుగుతాయి. ముందు దాన్ని ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు మెత్తబడుతుంది. అప్పుడు కోయండి, బెజ్జం వేయండి, అంచు ఆకురాయి పెట్టండి.

తర్వాత పదును పెట్టాలి. ఎంత కాల్చాలో కమ్మరి తాతకు కన్ను చెప్పేది. మనకు పాత స్పీకరు అయస్కాంతం చెబుతుంది. కాలుతున్న ముక్కను మధ్యమధ్యలో తీసి, పొడుగు తీగకు కట్టిన అయస్కాంతానికి చూపించండి. ఒక వేడికి వచ్చాక ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు. ఆ తర్వాత ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచండి. నీళ్లలో వద్దు, కమాను ఉక్కు పగులుతుంది. నూనె ఇనుప డబ్బాలో ఉండాలి, పక్కనే మూత ఉండాలి. మంట లేస్తే మూత వేయండి, నీళ్లు చల్లకండి.

ఇక్కడితో ఆగితే ఆ పలుగు గాజులాగా ఉంటుంది. రాయి తగిలితే ముక్కలవుతుంది. అందుకని దాన్ని రాయితో కొంచెం మెరిసేదాకా రుద్ది, వెనక వైపు నుంచి మెల్లగా వేడి చేయండి. మెరుపు మీద రంగులు నడుస్తాయి. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, తర్వాత ఊదా, తర్వాత నీలం. ఉలికైతే పసుపు దగ్గర ఆపాలి. రాళ్ల నేలలో తిరిగే పలుగుకు ఊదా నీలంలోకి మారేటప్పుడు ఆపాలి. ఈ రంగుల వరస ఒక్కటి గుర్తుంటే ఇవాళ మీరొచ్చిన బస్సు చార్జీ దక్కినట్టే.

సైకిల్ గుంటక: మా ఇంటామె దిద్దిన పాఠం

మా కొట్టంలో మొదట చేసింది సైకిల్ గుంటక. చాలామంది చూసే ఉంటారు. పాత సైకిలు ముందు చక్రం, దాని ఫోర్కు, వెనక్కి రెండు గొట్టాల చేతులు, చక్రం వెనక ఒక పలుగు. తోసుకుంటూ పోతే సాళ్ల మధ్య కలుపు తెగుతుంది. తుక్కు దుకాణంలో పాత సైకిలు 600 రూపాయలు, గొట్టం, బోల్టులు, కమాను ముక్క కలిపి మరో 700 అయింది.

వేరుశనగ సాలుకు సాలుకు మధ్య 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు. పలుగు ఎనిమిది అంగుళాలకు మించకూడదు. అటు రెండు, ఇటు రెండు అంగుళాలు మొక్కకు వదలాలి. ఒక అట్టనో రేకునో ఆ కొలతకు కోసి కొట్టంలో గోడకు తగిలించండి. కొత్తది ఎవరు చేసినా ఆ రేకు మీద పెట్టి గీసుకోవాలి. పలుగు అంగుళం, అంగుళంన్నర లోతులో కలుపు వేరు కింద జారాలి. మరీ లోతుకు దిగితే తోయలేరు, పైపైన జారితే కలుపు వంగి లేస్తుంది. అందుకే పలుగు కాలికి రెండు మూడు బెజ్జాలు వేసి, లోతు మార్చుకునేలా బోల్టు పెట్టాలి.

నేను చేసిన మొదటి గుంటకతో పొలమంతా నేనే ఒకసారి తిరిగి చూసి, బ్రహ్మాండం అనుకున్నాను. రెండో రోజు మా ఇంటామె పట్టుకుంది. పది సాళ్లు తోసి నిలబెట్టేసింది. "ఇది నీ ఎత్తుకు చేసుకున్నావు. నా రొమ్ముకు తగులుతా ఉంది. కలుపు తీసేది నేనా, నువ్వా?" అంది. జవాబు లేదు. 30 ఏళ్లుగా మా పొలంలో కలుపు తీసింది ఆమే, ఆమెతో వచ్చే ఆడవాళ్లే. నడుం నొప్పి వాళ్లది, కొలత నాది. ఆ రోజు సాయంత్రమే చేతుల దగ్గర నాలుగు బెజ్జాలు వేశాను. ఎవరి ఎత్తుకు వాళ్లు బోల్టు మార్చుకోవచ్చు. పార కామ, కొడవలి పిడి కూడా అంతే. ఎవరు పట్టుకుంటారో వాళ్ల చేతికి కొలవండి. కొట్టం కమిటీలో ఆడవాళ్లు లేకపోతే ఈ తప్పు ప్రతి ఊళ్లో జరుగుతుంది.

ఇంకొకటి గుర్తుంచుకోండి. వేరుశనగలో 45 రోజుల తర్వాత గుంటక తిప్పకూడదు, ఊడలు తెగుతాయి. అంటే మనకున్నది 20వ రోజు నుంచి 45వ రోజు దాకానే. పనిముట్టు ఆ రోజులకు ముందే సిద్ధంగా ఉండాలి.

పనిముట్టు వస్తే కూలీల పని పోదా అని నిన్న ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. సాళ్ల మధ్య కలుపు గుంటక తీస్తుంది, మొక్కల మధ్యది చేత్తోనే తీయాలి. కూలి రోజులు కొన్ని తగ్గుతాయి, అది దాచను. మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. గుంటక తోసే మనిషికి, ఆడైనా మగైనా, ఒకటే కూలి, అది మామూలు కలుపు కూలి కన్నా ఎక్కువ. కౌలు రైతులకు కొట్టం సామాను అద్దె లేకుండా ఇస్తాం. యంత్రం చెడ్డదా మంచిదా అని అడిగి లాభం లేదు. అది ఎవరి చేతిలో ఉంది, మిగిలిన డబ్బు ఎవరికి పోతోంది అని అడగాలి.

ఈ వేలు చూడండి

నా ఎడమ చేతి చూపుడు వేలు ముందు వరుస వాళ్లకు కనిపిస్తుంది. కొస లేదు. రెండేళ్ల కిందట గ్రైండరుకు ఉండే కవచం పనికి అడ్డం వస్తోందని తీసేశాను. చెక్క కోద్దామని దానికి రంపం పళ్ల చక్రం బిగించాను. చెక్కలో ముడి తగిలింది, మిషను ఎగిరి చేతి మీద పడింది. తప్పు మిషనుది కాదు, నాదే. గ్రైండరు నిమిషానికి పది వేల సార్లకు పైగా తిరుగుతుంది. అది చెక్క రంపం కోసం చేసింది కాదు.

కాబట్టి మా కొట్టం గోడ మీద ఎర్ర రంగుతో రాశాం. కవచం తీస్తే ఆ రోజుతో ఆ మనిషికి కొట్టం బంద్. కళ్లద్దాలు లేకుండా గ్రైండరు పట్టుకోకూడదు. వదులు చొక్కా చేతులు, చీర కొంగు, మెడలో తువ్వాలు ఉండకూడదు. వెల్డింగ్ మిషనుకు ఎర్తు ఉండాలి, వాన పడుతుంటే పని లేదు. మోటారుతో తిరుగుతూ మనిషి చేత్తో పంట అందించే యంత్రాలు, నూర్పిడి మిషన్ల వంటివి, ఇంట్లో చేయడానికి పూనుకోవద్దు. నూర్పిడి మిషన్లలో చేతులు పోవడం చూసే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం తెచ్చింది. ఇంటి కొట్టంలో చేసేవి చేత్తో, కాలితో, ఎడ్లతో నడిచేవిగా ఉండనివ్వండి.

మనవాళ్లు చేసినవి

చదువు లేనివాళ్లం, మన వల్ల ఏమవుతుంది అనే మాట నాకు నచ్చదు. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు బడి మధ్యలో ఆపేసినవారే. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ లక్ష్మి గారు ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పేవారు. భుజం పట్టేసేది. ఆ నొప్పి చూసి 1992లో మొదలుపెట్టి, మధ్యలో ఎన్నోసార్లు ఆగి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. గుజరాత్‌లో అమ్రేలి జిల్లా మన్సుఖ్‌భాయ్ జగాని ఎడ్లు లేని రైతుల కోసం బుల్లెట్ మోటారు సైకిలుకు గుంటక తగిలించారు. ఇద్దరూ పరిశోధన కోసం మొదలుపెట్టలేదు. ఒకరు అమ్మ భుజం చూశారు, ఇంకొకరు ఎడ్లు లేని పొలం చూశారు. మనం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మన ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పి?

ప్రభుత్వాన్ని వదిలేద్దామా?

వదలకూడదు. మీ పనిముట్లు మీరే చేసుకుంటున్నారుగా, ఇక సబ్సిడీ ఎందుకు అని రేపు ఎవరైనా అంటే ఈ ప్రసంగాన్ని నా మీదే వాడినట్టవుతుంది. అందుకే మన డిమాండ్లు కూడా ఇక్కడే చెబుతున్నాను.

పార మీద, కొడవలి మీద జీఎస్టీ లేదు. మంచిదే. కానీ వాటిని అరగదీసే ఆకురాయి మీద, విరిగితే అతికే వెల్డింగ్ రాడ్డు మీద 18 శాతం ఉంది. బాగు చేసుకునే రైతు మీద పన్ను ఎందుకు? రెండోది, యంత్రాల అద్దె కేంద్రాలకు సబ్సిడీ ఇచ్చేటప్పుడు, ప్రతి కేంద్రంలో విరిగే సామాను నిల్వ, ఒక వైస్, ఒక వెల్డింగ్ మిషను తప్పనిసరి చేయాలి. మూడోది, గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ మన జిల్లాలోనే ఉంది. అక్కడి బోధకులు వేసవిలో వారం రోజులు మండల కేంద్రాలకు వచ్చి మరమ్మతు నేర్పాలి. నాలుగోది, ఊళ్లో మిగిలిన కమ్మరికి, వడ్రంగికి నేర్పే పనికి గౌరవ వేతనం ఇవ్వాలి. ఇవి మహాసభ తీర్మానాల్లో పెట్టమని కోరుతున్నాను.

చివరగా, తొలకరికి ఇంకా నెలన్నర ఉంది. ఇంటికి పోగానే నాలుగు పనులు చేయండి. మీ గొర్రు, గుంటకల్లో పోయిన ఏడు ఏ ముక్క విరిగిందో రాసుకోండి. ఆ ముక్కలు రెండేసి ముందే చేయించి పెట్టుకోండి. పదిమంది కలిసి ఒక వైస్ కొనండి, మిగతావి మెల్లగా కొనొచ్చు. ఊళ్లో కమ్మరి ఇల్లు ఎక్కడుందో పిల్లలకు చూపించండి.

పోయిన వేసవిలో మేం బెంగళూరుకు ఫోన్ చేసి కమ్మరి తాత పెద్ద కొడుకును పిలిపించాం. దారి ఖర్చు, రోజు కూలి ఇచ్చాం. ఆయన ఆరు రోజులుండి మా కొట్టంలో పదహారు పలుగులు కొట్టి, నలుగురు పిల్లలకు నేర్పి పోయాడు. వెళ్లేటప్పుడు బస్సు దగ్గర, "మా నాయన ఉండగా ఈ మాత్రం ఇచ్చి ఉంటే మేం పోయేవాళ్లమే కాదన్నా" అన్నాడు. ఆ మాట ఇక్కడ చెప్పకుండా దిగితే నా ప్రసంగం పూర్తయినట్టు కాదు.

సెలవు. సైకిల్ గుంటక బయట చెట్టు కింద పెట్టాను. ముందు అక్కలు తోసి చూడండి, తర్వాతే అన్నలు.